దుర్గమ్మ పేరు చెప్పి

ఆదివారం పొద్దున్నే ఏడుపాయల దారి కిక్కిరిసిపోయింది. ఆటోలు, ట్రాక్టర్లు, డీసీఎంలు. ట్రాక్టరు తొట్టిలో బోనాలు, వాటి పక్కన వంట గిన్నెలు, గిన్నెల పక్కన మెడలో బంతిపూల దండతో యాట. మంజీర ఇక్కడికి వచ్చేసరికి ఏడు పాయలుగా చీలుతుంది. బండల మధ్య కొంత దూరం తిరిగి తిరిగి మళ్లీ ఒక్కటవుతుంది. ఆ పాయల నడుమ, రాళ్ల సందున వనదుర్గా భవాని కొలువు.

దారికి ఎడంగా చెట్ల కింద పది టైర్ల లారీ ఒకటి ఆగింది. క్లీనర్ కుర్రాడు ముందు అద్దం కడిగాడు. పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టాడు. నిమ్మకాయలు తెచ్చి ముందు చక్రాల కింద ఉంచాడు.

"ఉస్తాద్, జరసేపు కూసోండ్రి. లైను పెద్దగుంది. నేను పోయి చూసొస్త."

"నిలబడత తియ్యి."

డ్రైవర్ కూర్చోలేడు. నిన్న పొద్దున రెండు పిరుదులకూ చెరొక సూది పడింది. చిక్కటి పాలలాంటి మందు. కండలోకి మెల్లగా ఎక్కించాలి, లేకపోతే సూదిలోనే గడ్డకట్టుకుపోతుంది. వేసిన చోట రెండు మూడు రోజులు సలుపుతుంది. పదిహేను రోజుల్లో ఇది మూడోసారి. చెట్టు నీడన చాప మీద అతని భార్య కూర్చుని ఉంది, ఒక పక్కకు ఒరిగి. ఆమెకు నాలుగో నెల దాటింది. ఆమెకూ మూడు శనివారాలు అదే సూది.

ఓనరుకు ఇవేవీ తెలియవు. ఫోన్లో అతను చెప్పింది ఒకటే మాట: "ఏడుపాయల్ల మొక్కుంది సార్. తప్పితే మంచిగుండదు."

ఇక్కడొక మాట చెప్పి ముందుకు పోవాలి. ఈ డ్రైవరుకు నేను పేరు పెట్టలేదు, ఊరు చెప్పలేదు. ఇతను ఒక్క మనిషి కాదు. హైవేల మీద బతికే ఎందరికో జరిగినవీ జరుగుతున్నవీ ఒక్క మనిషి మీదుగా అల్లి చెబుతున్నాను. మాటలు, సన్నివేశాలు నా కల్పన. జబ్బు, మందు, రోజుల లెక్క, ఆసుపత్రి దారిలో పడే అడ్డంకులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే. ఈ కథ చెప్పాలనిపించడానికి కారణం కూడా ఆ రోజుల లెక్కే. ఏడేడు రోజుల ఎడంతో మూడు సూదులు. ఇంట్లో ఉండే మనిషికి అది మూడు పూటల పని. నెలలో ఇరవై రోజులు రోడ్డు మీద ఉండే మనిషికి మూడు శనివారాలు ఆసుపత్రి తలుపు ముందు నిలబడటమంటే బతుకుతెరువుతో పెట్టుకున్న పేచీ.

* * *

మొదటి పుండు మూడేళ్ల కిందటిది. అది పుండులా కూడా అనిపించలేదు. చిన్న గుండీ అంత, అంచులు గట్టిగా, మధ్యలో తడిగా. నొప్పి లేదు, దురద లేదు. స్నానం చేస్తున్నప్పుడు చేతికి తగిలింది. అప్పుడు బండి నాగపూర్ దాటి పైకి పోతోంది. దాబాలో మంచం మీద పడుకుని పక్క బండి డ్రైవరుతో నెమ్మదిగా అన్నాడు.

"గదేం లేదు తమ్మీ, ఒంట్ల వేడి. పొద్దంతా ఇంజిన్ పక్కన కూసుంటున్నం గద. నిమ్మకాయ నీళ్లు తాగు. ఊరికి పోయినంక ఓ సూది ఏసుకో."

ఈ 'వేడి' మాట లారీ లోకంలో చాలా పాతది. ఇంజిన్ వేడి ఒంట్లోకి ఎక్కుతుంది, దాన్ని దించుకోకపోతే జబ్బు చేస్తుంది, ఆడమనిషి దగ్గరికి పోతే దిగుతుంది. ఉత్తరాది డ్రైవర్లు 'గర్మీ' అంటారు, మనవాళ్లు వేడి అంటారు. డ్రైవర్ల ఆరోగ్యం మీద పనిచేసినవాళ్లకు పదే పదే వినబడిన నమ్మకం ఇది. నవ్వి తోసేయాల్సిన మాట కాదు. నలభై డిగ్రీల ఎండలో, ఇంజిన్ మీద రేకు కప్పు ఉన్న పాత క్యాబిన్లో పన్నెండు గంటలు కూర్చున్న మనిషికి ఒళ్లు నిజంగానే కాలుతుంది. మూత్రం మంట నిజంగానే ఉంటుంది. నీళ్లు తాగితే మాటిమాటికి బండి ఆపాలని తాగడం మానేస్తాడు. ఆ మంటనూ ఈ మంటనూ ఒకే గాటన కట్టేయడం దగ్గరే ప్రమాదం.

ఊరికి వచ్చాక ఆర్‌ఎంపీ దగ్గరికి పోయాడు. ఆయన చూడనైనా చూడలేదు. చూపించడానికి ఇతనికీ మనసు రాలేదు. షర్టు చేయి పైకి మడిచి ఒక సూది వేసుకున్నాడు, పొట్లంలో నాలుగు గోలీలు తీసుకున్నాడు, మూడు వందలు ఇచ్చాడు. పది రోజుల్లో పుండు మాయమైంది. సూది పనిచేసిందనుకున్నాడు.

అసలు సంగతి వేరు. సవాయి వ్యాధి, అంటే సిఫిలిస్, తొలి మెట్టులో వచ్చే పుండు మందు వేసినా వేయకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో తనంతట తానే మానిపోతుంది. పుండు పోతుంది, జబ్బు రక్తంలోకి దిగుతుంది. తర్వాత కొన్నాళ్లకు అరచేతుల్లో, అరికాళ్లలో ఎర్రటి మచ్చలు రావచ్చు. అవీ పోతాయి. ఇతనికి వచ్చాయి. స్టీరింగు రాపిడి అనుకున్నాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏ గుర్తూ ఉండకపోవచ్చు. ఏ గుర్తూ లేని ఆ రోజుల్లోనే కడుపులో బిడ్డకు అంటగలదు. నొప్పి పెట్టే జబ్బు మనిషిని ఆసుపత్రికి తోలుతుంది. ఇది తోలదు. డ్రైవర్ లాంటి మనిషికి ఇంతకంటే మోసగత్తె జబ్బు లేదనుకుంటాను.

పోయిన ఏడాది ఇంకోసారి అలాంటి పుండే వచ్చింది. ఈసారి ఆర్‌ఎంపీ దాకా కూడా పోలేదు. మెడికల్ షాపులో ఆయింట్‌మెంటు కొన్నాడు. దానితోపాటు బస్టాండు గోడ మీద రాసి ఉన్న 'గుప్త రోగాల నిపుణులు' ఫోన్ నంబరు కూడా ఫోన్లో ఎక్కించుకున్నాడు. ప్రతి పట్నంలో ఆ గోడరాతలు చూస్తూనే ఉంటాం. ఫలానా లాడ్జిలో ఫలానా వారం. సర్కారు దవాఖాన బోర్డు మీద సుఖవ్యాధి అన్న మాట కనబడదు, ఈ గోడల మీదేమో మూరెడు అక్షరాల్లో ఉంటుంది. సిగ్గుపడే మనిషికి ఆ అక్షరాలే దారి చూపిస్తాయి.

* * *

ఫోన్ వచ్చేసరికి బండి చేగుంట దాటింది. పటాన్‌చెరువులో లోడు ఎత్తుకుని, అవుటర్ మీదుగా నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి ఎక్కి ఉత్తరానికి పోతున్నాడు. తూప్రాన్, మాసాయిపేట, చేగుంట, రామాయంపేట. సొంత జిల్లాలోంచే పోతున్నాడు, ఇంటికి మాత్రం పోవడం లేదు.

"దవాఖానల రక్తం చూసిన్రు," అంది భార్య.

"బిడ్డ మంచిగున్నదా?"

"బిడ్డ సంగతి కాదు. నా రక్తంల ఏదో ఉందంటున్రు. నిన్ను గూడ తోల్కరమ్మన్నరు."

"ఏముందట?"

"నాకెట్ల తెలుస్తది? నిన్నడుగుమన్నరు."

తర్వాత చాలాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. ఫోన్ మాత్రం పెట్టలేదు. ఆమెకు వెనక నుంచి అత్తమ్మ గొంతు, ఇతనికి పక్క నుంచి పోయే బండ్ల హోరు.

గర్భిణికి మొదటి చెకప్‌లోనే హెచ్‌ఐవీతోపాటు సిఫిలిస్‌కూ రక్తం చూడాలని మన జాతీయ కార్యక్రమంలో ఉంది. డ్రైవర్ల ఇళ్లలో ఈ జబ్బు బయటపడే దారి చాలాసార్లు ఇదే. ఆసుపత్రి గడప తొక్కని మగవాడి జబ్బు, కడుపుతో ఉన్న ఆడదాని చేతి నరంలోంచి తీసిన రక్తంలో కనబడుతుంది. మాట పడేది కూడా ముందు ఆమే. నీకెక్కడిది అని అడుగుతారు. రిపోర్టు ఆమె పేరు మీద ఉంటుంది మరి.

అతను రామాయంపేట దగ్గర బండి పక్కకు తీశాడు. ఓనరుకు చేశాడు. నోటిదాకా వచ్చిన మాట మింగాడు. భార్యకు బాగాలేదంటే, "మీ అమ్మ ఉన్నది గద" అంటాడు. తనకు బాగాలేదంటే, "ఏమైంది" అంటాడు. దానికి జవాబు లేదు. అప్పుడు నోట వచ్చింది దుర్గమ్మ పేరు.

ఓనరు కసురుకోలేదు. "శనివారం దాకే మరి. ఆదివారం పొద్దుగాల బండి కదలాలె" అన్నాడు. మొక్కు చెల్లించుకోవడానికి సెలవు అడిగితే కాదనే ఓనరు మెదక్ చుట్టుపక్కల అరుదు. రేపు ఆ బండికే ఏమన్నా అయితే?

మోటారు రవాణా కార్మికుల కోసం 1961లోనే చట్టం చేసుకున్నాం. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు, వారంలో ఒక రోజు విశ్రాంతి అని అందులో రాసుకున్నాం. ఆ వారానికొక్క రోజు నిజంగా చేతిలో ఉంటే ఈ డ్రైవరుకు అమ్మవారి పేరు అరువు తెచ్చుకోవాల్సిన పని ఉండేది కాదు.

* * *

ఆసుపత్రిలో ఆమెకు ఒక చీటీ, అతనికి ఒక చీటీ. ఒకే బెంచీ మీద ఇద్దరూ, మధ్యలో మనిషి పట్టేంత జాగా. జిల్లా ఆసుపత్రుల్లో ఈ జబ్బులకు ఉండే గదిని సురక్ష క్లినిక్ అంటారు. లోపల ఒక కౌన్సెలర్ ఉంటుంది. ముందు అతన్ని ఒక్కడినే పిలిచింది.

"కూసో అన్నా. ఈడ చెప్పింది ఈడనే ఉంటది. ఎప్పుడన్న పుండు అయిందా?"

అతను నేల చూశాడు.

"అయింది. నొప్పి లేకుండె మేడం."

"దాని గుణమే అది. ఎన్నేండ్లయింది?"

"మొదటిది మూడేండ్లు. మల్ల పోయినేడు."

"అరచేతులల్ల మచ్చలు?"

అప్పుడు తలెత్తాడు. స్టీరింగు రాపిడి గురించి ఆమెకెలా తెలిసిందో అర్థం కాలేదు.

జబ్బు ఏడాది లోపుదని తెలిస్తే ఒక్కసారి పెన్సిలిన్ చాలు. ఎప్పటిదో తేలకపోతే మూడుసార్లు, వారానికొకసారి. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయితే సర్దుకోవచ్చు, మరీ జరిగితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. కడుపుతో ఉన్న మనిషికి ఆ వెసులుబాటు మరీ తక్కువ. మందు ఇరవై నాలుగు లక్షల యూనిట్ల బెంజథైన్ పెన్సిలిన్, రెండు భాగాలు చేసి రెండు పక్కలా. అమెరికాలో జాన్ మహోనీ అనే వైద్యుడు సవాయికి పెన్సిలిన్ పనిచేస్తుందని చూపించింది 1943లో. ఎనభై ఏళ్లు దాటినా ఆ క్రిమి ఈ మందుకు లొంగుతూనే ఉంది. ఎన్నో జబ్బులు మందులకు మొండికేస్తున్న కాలంలో ఇది మన అదృష్టం. కడుపులో బిడ్డను కాపాడుతుందని రుజువైన మందు కూడా ఇదొక్కటే. వైద్యం అందకపోతే గర్భం పోవచ్చు, బిడ్డ చనిపోయి పుట్టవచ్చు, జబ్బుతో పుట్టవచ్చు. నెలలు నిండటానికి చాలా ముందే సూదులు పూర్తయితే ఆ గండం దాదాపు తప్పుతుంది.

ఇంత విలువైన మందు చాలా చవక. చవక కావడమే దానికి శాపమైంది. లాభం లేదని తయారుచేసేవాళ్లు తగ్గి 2014-16 మధ్య చాలా దేశాల్లో దొరకలేదు. రియాక్షన్ భయంతో చాలామంది ప్రైవేటు డాక్టర్లు ముట్టుకోరు. ముందు చర్మం మీద చుక్క వేసి చూడాలి, వేశాక కాసేపు కూర్చోబెట్టాలి, దగ్గర అత్యవసర మందు ఉండాలి. ఇవన్నీ ఒక్కచోట దొరికేది ఎక్కువగా సర్కారు ఆసుపత్రిలోనే.

హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేశారు. ఇద్దరికీ లేదు. ఆ మాట విన్నప్పుడు అతను గోడకు ఆనుకున్నాడు. ఇలాంటి పుండున్న చోటు నుంచి హెచ్‌ఐవీ సులువుగా లోపలికి పోతుందనీ, మూడు నెలలకు మళ్లీ చూడాలనీ కౌన్సెలర్ చెప్పింది. నిరోధ్ పొట్లాలు చేతిలో పెట్టింది. తర్వాత అసలు ప్రశ్న అడిగింది.

"వచ్చే శనివారం యాడుంటవ్?"

"నాగపూర్."

"ఆ పై శనివారం?"

"తెల్వదు. లోడు దొరికినదాన్ని బట్టి."

ఆమె ఒక చీటీ మీద మందు పేరు, తేదీలు రాసింది. కింద పెద్దగా '3' అని వేసి చుట్టూ సున్నా చుట్టింది. "దేశంల ఏడికి పోయినా సురక్ష క్లినిక్‌ల కిట్లకు రంగులుంటయి. నీది మూడో నంబరు, తెల్లది. దాంట్ల ఉండే సూదే నీకు గావాలె. భాష రాకున్నా రంగు చెప్పు."

ఈ రంగుల ఏర్పాటు మన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థది. చీము కారితే బూడిద రంగు, పుండుకు తెలుపు, పెన్సిలిన్ పడనివాళ్లకు నీలం, నీటిపొక్కులకు ఎరుపు, గజ్జల్లో బిళ్ళ కడితే నలుపు, ఆడవాళ్ల జబ్బులకు ఆకుపచ్చ, పసుపు. ల్యాబు లేని చోట కూడా లక్షణం చూసి అక్కడికక్కడే మందు ఇవ్వడానికి చేసిన పని. రోడ్డు మీద బతికే మనిషికి ఇంతగా పనికొచ్చే ఆలోచన ఇంకోటి లేదనిపిస్తుంది. గౌహతిలోనైనా, గాంధీధామ్‌లోనైనా తెలుపు తెలుపే.

బయటికి వస్తున్నప్పుడు భార్య అడిగింది: "వచ్చే వారం నేనొక్కదాన్నే రావాల్నా?"

"ఆశా అక్కను తోల్కొని రా. నేను ఆడ ఏస్కుంట."

"నిజంగ ఏస్కుంటవా?"

అతను చీటీ మడిచి, లైసెన్సు పెట్టుకునే ప్లాస్టిక్ కవరులో పెట్టాడు. ఆమె అది చూసింది.

* * *

లారీ డ్రైవరు కోసం ఈ దేశంలో ఏమీ చేయలేదంటే అబద్ధం. 1986లో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల మద్రాసులో సేకరించిన రక్తంలో మన దేశంలో హెచ్‌ఐవీ మొదటిసారి బయటపడింది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడింది. కొద్ది కాలానికే అందరి వేళ్లూ లారీ వైపు తిరిగాయి. 1990ల రెండో సగంలో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో హెల్దీ హైవేస్ అనే ప్రాజెక్టు నడిచింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎయిడ్స్ ప్రచారంలో భాగంగా పులిరాజా గోడల మీదికి ఎక్కాడు. ఆ ప్రచారం మన తరంలో గుర్తులేనివాళ్లు ఉండరు.

2003లో గేట్స్ ఫౌండేషన్ ఆవాహన్ పేరుతో ఆరు రాష్ట్రాల్లో పని మొదలుపెట్టింది. అందులో మనదీ ఒకటి. జాతీయ రహదారుల మీద డ్రైవర్ల బాధ్యతను ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా వారి ఫౌండేషన్‌కు అప్పజెప్పింది. 'ఖుషీ' అనే పేరుతో క్లినిక్‌లు వచ్చాయి. మొదట్లో దాబాల దగ్గర, దారి పొడవునా చాలా చోట్ల తెరిచారు. కొన్నాళ్లకు ఒక సంగతి తెలిసింది. దాబా దగ్గర డ్రైవరు ఆగేది తిండికి, కునుకుకు. వాడి మనసంతా మళ్లీ కదలడం మీదే. వాడు నిజంగా ఖాళీగా ఉండేది లోడు కోసం ఎదురుచూసే చోట, బుకింగ్ ఆఫీసుల ముందు, ట్రాన్స్‌పోర్టు నగర్లలో. అక్కడ ఒక రోజు, రెండు రోజులు, ఒక్కోసారి వారం. కాబట్టి చోట్లు తగ్గించి, ఆ పెద్ద అడ్డాల్లోకి మారారు. రాత్రిపూట సినిమాలు వేశారు, వీధి నాటకాలు ఆడారు, మాట చెప్పడానికి డ్రైవర్లనే పెట్టుకున్నారు. ముఖ్యంగా, జ్వరానికీ నడుం నొప్పికీ కూడా అక్కడే మందిచ్చారు. ఏ జబ్బుకైనా ఒకే తలుపు ఉన్నప్పుడు, లోపలికి పోయేవాడు దేనికి పోతున్నాడో పక్కవాడికి తెలియదు.

ఆ పని వృథా పోలేదు. జాతీయ సర్వేలో 2010-11లో దూరప్రయాణ డ్రైవర్లలో హెచ్‌ఐవీ 2.59 శాతం ఉంటే, 2017 నాటికి 0.86 శాతానికి దిగింది. దేశంలో పెద్దవాళ్లందరి సగటు అప్పుడు 0.22 శాతం. అంటే తగ్గినా దాదాపు నాలుగింతలు. కొన్ని ఈశాన్య రాష్ట్రాల తర్వాత పెద్దవాళ్లలో ఎక్కువ శాతం ఉన్నవి మన రెండు తెలుగు రాష్ట్రాలేనని కూడా గుర్తు పెట్టుకోవాలి.

ఈ పథకాల కాగితాల్లో ఒక మాట ఉంటుంది, నాకు ఎప్పుడూ గుచ్చుకునే మాట. డ్రైవర్లనూ వలస కూలీలనూ 'బ్రిడ్జ్ పాపులేషన్' అని రాస్తారు. జబ్బు ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు దాటే వంతెన అన్నమాట. లెక్కలకు అది సరిపోతుందేమో. కానీ వంతెనకు జబ్బు చేయదు, మనిషికి చేస్తుంది. ఊళ్లో భార్యను కాపాడాలి కాబట్టి డ్రైవరుకు మందు అనుకున్నంత కాలం, అతను అనుమానితుడిగానే గది బయట నిలబడతాడు. దారి పక్కన డబ్బు కోసం అతని దగ్గరికి వచ్చిన పేదరాలికీ ఇదే తెల్ల కిట్టు కావాలి. ముగ్గురూ రోగులే, ముగ్గురికీ సొంతంగా ఆ మందు మీద హక్కుంది.

* * *

నాగపూర్ శనివారం సంగతి.

బండి శుక్రవారం రాత్రే చేరింది. లోడు దించడం తెల్లవారేసరికి అయింది. ఊరి అంచున బండి పెట్టాడు. పెద్ద నగరాల్లో పగటిపూట భారీ వాహనాలకు నో ఎంట్రీ. రాత్రి పొద్దుపోయాక లోపలికి వదులుతారు, తెల్లారకముందే బయటపడాలి. ఓపీ తెరిచేది పొద్దున, మూసేది మధ్యాహ్నం. దవాఖాన మేలుకుని ఉన్నంతసేపు లారీ ఊరి బయట ఉండాలి, లారీ లోపలికి వచ్చేసరికి దవాఖాన నిద్రపోతుంది. డ్రైవర్లు ఆసుపత్రికి రారు, నిర్లక్ష్యం అనేవాళ్లు ఈ రెండు వేళల పట్టికలను పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూడాలి.

అతను బండి క్లీనరుకు అప్పజెప్పాడు. తాళాలు, వే బిల్లు, ఫోన్ ఛార్జరు ఇచ్చాడు.

"బ్రోకరు వస్తే, పూజకు పోయిండని చెప్పు."

షేర్ ఆటోలో మెడికల్ కాలేజీ ఆసుపత్రికి పోయాడు. కిటికీల ముందు మూడు వరసలు. ఎవరిని అడగాలో తెలియలేదు. ప్లాస్టిక్ కవరులోంచి చీటీ తీసి చూపిస్తూ నలుగురిని అడిగాడు. చివరికి గది దొరికింది. "తీన్ నంబర్, సఫేద్ వాలా" అన్నాడు. నర్సు చీటీ తిప్పి చూసింది. మెదక్ అన్న ఊరు ఆమె వినలేదు. సున్నా చుట్టిన మూడు మాత్రం అర్థమైంది. డాక్టరుకు చూపించి వచ్చి, చుక్క వేసి చూసి, మందు కలిపింది. సీసాను అరచేతుల మధ్య పెట్టి తిప్పుతూ ఉంటే అందులో తెల్లపొడి పాలై కదిలింది.

"ఎక్కడ పనిచేస్తావు?"

"లారీ."

"అయితే రెండు రోజులు కూర్చోవడం కష్టం," అంది హిందీలో.

అతను నవ్వాడు. కూర్చోకపోతే తిండి లేదు.

వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. బ్రోకరు దగ్గర రెండు లోడ్లున్నాయి. ఒకటి ఢిల్లీకి, వెయ్యి కిలోమీటర్ల పైన, మంచి కిరాయి. ఇంకోటి హైదరాబాద్‌కు నారింజలు, కిరాయి తక్కువ, సోమవారం దాకా ఆగాలి. ఢిల్లీ పోతే వచ్చే శనివారానికి ఎక్కడుంటాడో దుర్గమ్మకే ఎరుక. ఓనరు ఢిల్లీకే పొమ్మన్నాడు. ఇతను మళ్లీ అదే పేరు ఎత్తాడు. మొక్కు వచ్చే ఆదివారానికి మారిందన్నాడు, ఇంటిదానికి నెలలని, అమ్మవారికి బోనం ఎత్తకపోతే అత్తమ్మ ఊరుకోదని. ఓనరు విసుక్కుని ఒప్పుకున్నాడు. తక్కువ పడిన కిరాయిలోంచి తన బత్తాలో కోత పడుతుందని ఇతనికి తెలుసు.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏసిన్రా?" అన్నాడు.

"ఏసిన్రు. నీకు?"

"ఏసిన్రు."

ఫోన్ వచ్చిన రోజు తర్వాత ఆమె గొంతులో కాస్త మెత్తదనం వినబడింది అప్పుడే.

ఆఫ్రికాలో ఒక ప్రయత్నం గురించి ఇక్కడ చెప్పాలి. నార్త్ స్టార్ అలయన్స్ అనే సంస్థ 2006 నుంచి సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర, లారీలు బారులు తీరే చోట, నీలం రంగు వేసిన కంటైనర్లలో క్లినిక్‌లు పెట్టింది. ఒక దేశంలో మొదలైన వైద్యం ఇంకో దేశంలో కొనసాగేలా రోగి వివరాలు ఒక క్లినిక్ నుంచి ఇంకో క్లినిక్‌కు అందే ఏర్పాటు చేసింది. మనకు ఇన్ని టోల్‌గేట్లున్నాయి. బండి ఎక్కడ ఏ గేటు దాటిందో ఫాస్టాగ్ సెకన్లలో చెబుతుంది. ఆ గేట్ల పక్కన రాత్రి తొమ్మిదింటికి వెలిగే ఒక చిన్న గది, అందులో ఏడు రంగుల కిట్లు, డ్రైవరు ఫోన్లోకి ఎక్కే మూడు తేదీలు. అంతకన్నా పెద్ద కోరిక కాదిది.

మనిషి ఉన్న చోటికే సాయం పోవాలన్న సంగతి ఏడుపాయల ఎప్పుడో నేర్చుకుంది. సింగూరు గేట్లు ఎత్తినప్పుడు మంజీర పొంగి గుడి ముందు నుంచే పారుతుంది. గర్భగుడికి దారి మునిగిపోతుంది. అప్పుడు పూజ ఆపరు. ఉత్సవ విగ్రహాన్ని రాజగోపురం దగ్గరికి తెచ్చి, అక్కడే అర్చన చేస్తారు. జనం రాలేని చోట అమ్మవారు కూర్చుని ఉండదు. జనం రాగలిగిన చోటికి ఆమే వస్తుంది.

* * *

లైను కదిలింది. బోనం ఎత్తుకుని ఆమె ముందు నడిచింది, అతను వెనక. మెట్లు ఎక్కుతుంటే ఇద్దరూ ఒకే రకంగా, కాలు కొంచెం ఈడుస్తూ నడవడం క్లీనర్ చూశాడు. గుడి ముందు ఆమె చాలాసేపు కళ్లు మూసుకుంది. అతను మూసుకోలేదు. మూడుసార్లు పేరు వాడుకున్నందుకు, అవసరం కోసమే అయినా, మొహం చూడటానికి కొంచెం బెరుకుగా ఉంది. కొబ్బరికాయ కొట్టి, దండం పెట్టి, పక్కకు జరిగాడు.

మధ్యాహ్నం వండుకున్నది తిన్నారు. ఆమె తన విస్తట్లోంచి బొక్క ఒకటి తీసి అతని విస్తట్లో వేసింది. ఏమీ అనలేదు.

లారీ కదిలే ముందు అతను క్యాబిన్లోకి ఎక్కి, ఇంజినాయిలు ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో రాసి అతికించిన స్టిక్కరు పక్కన స్కెచ్ పెన్నుతో ఒక తేదీ రాశాడు. మూడు నెలల తర్వాతది. రక్తంలో జబ్బు తగ్గిందో లేదో, హెచ్‌ఐవీ ఉందో లేదో మళ్లీ చూసే రోజు. ఇద్దరికీ.

క్లీనర్ చక్రాల కింద నలిగిన నిమ్మకాయలు తీసిపారేసి పైకి వచ్చాడు. తేదీ చూశాడు.

"గదేంది ఉస్తాద్?"

"ఇంకో మొక్కురా."

కుర్రాడికి ఇరవై రెండేళ్లు. డోరు వేసి, కాసేపు అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. బండి గేరు పడి, మట్టి దారి మీద ఊగుతూ కదిలింది. పాయ మీది వంతెన దాటాక, మొహం ఇటు తిప్పకుండానే అడిగాడు.

"ఆ దవాఖాన ఎన్నింటికి తెరుస్తరు ఉస్తాద్?"

డ్రైవర్ అతని వైపు చూశాడు. బ్రేకు మీద కాలు పెట్టాడు.

"పొద్దుగాల తొమ్మిదింటికి."